సినిమా చెట్టు, అమ్మమ్మ బిందె

మా మావయ్య ఒక సినిమాలో ఉన్నాడు. ఏ సినిమా అన్నది మాత్రం ఆయనకే తెలీదు. పదేళ్ళ వయసులో కుమారదేవం గోదావరి గట్టున షూటింగ్ జరుగుతుంటే జనంలో నిలబడ్డాట్ట. "హీరోయిన్ పడవ దిగుతున్నప్పుడు ఎడంపక్క గళ్ళ చొక్కా నేనేరా అబ్బాయ్" అంటాడు. ప్రతి సంక్రాంతికీ సినిమా పేరు మారిపోతుంది. గళ్ళ చొక్కా మాత్రం మారదు.

నాకు సినిమా పిచ్చి. పాత సినిమాల్లో ఏ పాట ఏ రేవులో తీశారో, ఏ ఇంటి అరుగు ఎందులో కనిపిస్తుందో రాసుకున్న నోట్‌బుక్ ఒకటుంది. దాన్ని మా ఆవిడ "చిట్టా" అంటుంది. 2025 సంక్రాంతికి వారం రోజులు సెలవు దొరికేసరికి కొవ్వూరులో అమ్మమ్మ దగ్గర పండగ చేసుకుంటూ చిట్టాలో ఉన్న ఊళ్ళన్నీ చుట్టేద్దామనుకున్నాను. అమ్మ, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ మా పాప, నేను. రైలు టికెట్ల సంగతి చెప్పక్కర్లేదు. నూట ఇరవై రోజుల ముందు పొద్దున్నే కూర్చున్నా నాకు దక్కింది వెయిటింగ్ లిస్టే. ఇక కారే గతి.

జనవరి 11, శనివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో బయల్దేరాం. మనతో పాటు హైదరాబాద్ అంతా బయల్దేరింది. పంతంగి టోల్‌గేట్ దగ్గర బండి బండికీ జానెడు దూరం. ఫాస్టాగ్ పెట్టినా అంత జనానికి ఏం సరిపోతుంది? ముందు కారులో పిల్లాడు అద్దం దించి గాలిపటం బయటపెట్టి ఆడిస్తున్నాడు. అది ఎగరడానికి కారు కదలాలి కదా! మా పాపకి అదే పెద్ద సినిమా అయింది. విజయవాడ చేరేసరికే ఎండ నడినెత్తికెక్కింది. ఏలూరు దాటి గుండుగొలను దగ్గర దేవరపల్లి వైపు కొత్త రోడ్డెక్కాక గానీ నా కాలు యాక్సిలరేటర్ మీద ఆనలేదు. కొవ్వూరులో దిగేటప్పటికి చీకటి పడింది. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి "ఏరా, నడిచొచ్చారా?" అంది.

ఆ రాత్రి పోకుండలు, జంతికలు తింటూ నా ప్లాన్ చెప్పాను. రేపు కుమారదేవం సినిమా చెట్టు, ఆ పైన పట్టిసీమ. ఎల్లుండి భోగి. పండగ రోజు రాజమండ్రిలో సినిమా. కనుమ రోజు కోనసీమ. అంతా విని అమ్మమ్మ ఒక్కటే అంది.

"ఆ చెట్టు దగ్గరికెళ్తే నా బిందె సంగతి కనుక్కోండి."

మా ఆవిడకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. మావయ్య మాత్రం లేచి నీళ్ళు తాగే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆరోజు కుమారదేవంలో షూటింగ్ వాళ్ళు హీరోయిన్ చంకలో పెట్టడానికి బిందె కావాలన్నారట. మావయ్య పరుగున ఇంటికొచ్చి, తాతయ్య పేరు కొట్టించిన ఇత్తడి బిందె ఎత్తుకెళ్ళి ఇచ్చేశాడట. సాయంత్రం కంపెనీ సామానంతా వ్యాను ఎక్కింది. దాంతో పాటు బిందె కూడా. ముప్పై ఏళ్ళుగా గళ్ళ చొక్కా కథ వింటున్నాను, బిందె ఊసు ఒక్కసారి కూడా రాలేదు!

కొవ్వూరు నుంచి కుమారదేవం ఎంతో దూరం లేదు. ఏటిగట్టు మీద రోడ్డు, కుడిపక్క గోదావరి, ఎడమపక్క అరటితోటలు. మంచు పూర్తిగా విడలేదు. ఆ చెట్టు నిద్రగన్నేరు. నూటయాభై ఏళ్ళదంటారు. కృష్ణ గారి 'పాడిపంటలు' రోజుల నుంచి దాని కింద మూడొందల సినిమాల దాకా తీశారని ఊళ్ళో లెక్క. వంశీ గారి సినిమాలు చూసినవాళ్ళకి ఆ కొమ్మలు చుట్టాల్లాంటివి. గోదావరి మీదకి గొడుగు పట్టినట్టు వంగి ఉండేది. కెమెరా ఎటు పెట్టినా ఫ్రేము దానంతటదే కుదిరిపోయేదనిపిస్తుంది. నీడ, నీళ్ళు, పడవ, ఆకుల సందుల్లోంచి జారే వెలుగు, అన్నీ ఒక్కచోటే. అవుట్‌డోర్‌కి వచ్చిన యూనిట్‌కి అంతకన్నా ఏం కావాలి?

2024 ఆగస్టు వరదలకి అది పడిపోయింది. టీవీలో చూసినరోజు నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ నవ్వింది గానీ, అమ్మ నవ్వలేదు.

వెళ్ళి చూస్తే చెట్టున్నచోట పెద్ద ఖాళీ. ఆకాశం ఎక్కువైపోయినట్టుంది. ఎన్ని సినిమాల్లో చూశానో, ఆ కొమ్మల వెనక ఇంత ఆకాశం ఉందని నాకెప్పుడూ తోచలేదు. రాజమండ్రి రోటరీ క్లబ్బు వాళ్ళు మొదలుకి మందులు పట్టించి మళ్ళీ బతికించాలని చూశారు. ఆ మోడు పక్కల నుంచి లేత చిగుర్లు వచ్చాయి. మా పాప వాటిని ముట్టుకోబోతే అక్కడున్న ఒకాయన "ముట్టుకోకమ్మా, చంటిపిల్లది" అన్నాడు. చెట్టు గురించే అన్నాడు.

మావయ్య రంగంలోకి దిగాడు. "పడవ ఇక్కడాగింది. కెమెరా అక్కడ. నేను ఇదిగో, ఇక్కడ." రెండడుగులు జరిగి, "కాదు, ఇక్కడ." నేను ఫోన్లో పాత స్టిల్స్ పెట్టుకుని గట్టు వంపు సరిచూస్తున్నాను. అమ్మ అప్పటిదాకా ఏం మాట్లాడలేదు. నెమ్మదిగా మోడు దగ్గరికెళ్ళి, "నువ్వెక్కడున్నావురా తమ్ముడూ? బిందె తెచ్చావు, నీ చొక్కా తడిసిందని నాన్న చేత దెబ్బలు తిని ఇంట్లో కూర్చున్నావు. షాట్ తీసేటప్పుడు ఇక్కడ నిలబడింది నేను. బిందె కాపలాకి అమ్మ నన్నే పంపింది" అంది.

మావయ్య మొహం చూడాలి అప్పుడు. "మరి గళ్ళ చొక్కా?" అన్నాను. "గళ్ళ పరికిణీ" అంది అమ్మ. "కాపలా ఉండి ఏం చేశాను! సాయంత్రం దాకా హీరోయిన్ జడ చూస్తూ నిలబడిపోయాను. బిందె వ్యానెక్కడం చూడనేలేదు."

మా అమ్మ నాతో సినిమా గురించి ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. టీవీలో పాత సినిమా వస్తుంటే బియ్యం ఏరుకుంటూ చూసేది, అంతే. నేను చిట్టాలు రాసుకుంటున్న ఇన్నేళ్ళూ అసలు ఆర్టిస్టు మా వంటింట్లోనే ఉందన్నమాట.

తాళ్ళపూడి మీదుగా పట్టిసీమ రేవుకెళ్ళాం. దారిలో ఎత్తిపోతల పథకం పైపులు. ఇరవైనాలుగు పంపులతో గోదావరి నీళ్ళు తోడి పోలవరం కుడికాలువలో పోసి కృష్ణమ్మ వైపు పంపుతారు. మావయ్య ఇంకా తేరుకోలేదు గనక వాటి గురించి ఉపన్యాసం తప్పింది. లేకపోతే అరగంట. రేవులో లాంచీ ఎక్కేముందు అమ్మ అందరికీ లైఫ్ జాకెట్లు తనే బిగించింది. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పటి నుంచి ఆవిడకి గోదావరి మీద భక్తితో పాటు భయం కూడా పట్టుకుంది. అందుకే పాపికొండలు నా లిస్టులోంచి కొట్టేశాను. ఏటి మధ్య దేవకూటం కొండ, కొండ మీద వీరేశ్వరస్వామి. లాంచీ దిగి ఇసకలో నడుస్తుంటే ఎన్ని పాటలు గుర్తొచ్చాయో! ఇసక తెల్లగా, చల్లగా ఉంది. సినిమాల్లో హీరో హీరోయిన్లు అంత హాయిగా ఎలా పరిగెత్తారో గానీ, నాకు పది అడుగులకే పిక్కలు పట్టేశాయి.

భోగి రోజు ఎక్కడికీ కదల్లేదు. తెల్లారకముందే మంట, తలంటు. పాప వయసు దాటిపోయినా ఊరుకోక అమ్మమ్మ దాని నెత్తిన నాలుగు రేగిపళ్ళు పోసింది. వీధిలో హరిదాసు వెళ్తుంటే పాప అతని నెత్తిమీద గిన్నె కేసి చూసి "బిందె అదేనా?" అని అడిగింది. ఇంటిల్లిపాదీ నవ్వు.

ఆ ఏడు పండక్కి మూడు పెద్ద సినిమాలు. పదో తారీకున రామ్ చరణ్ది, పన్నెండున బాలకృష్ణది, పధ్నాలుగున వెంకటేష్ది. మావయ్య కొడుకులు ముగ్గురూ తలో జెండా పట్టుకున్నారు. చివరికి అమ్మమ్మ ఓటుతో వెంకటేష్ 'సంక్రాంతికి వస్తున్నాం' గెలిచింది. పేరు శుభంగా ఉందంది. పైగా అందులో హీరో కాపురం రాజమండ్రిలోనే. పండగ రోజు సెకండ్ షోకి పదకొండుమందిమి రోడ్ కం రైల్ బ్రిడ్జి మీదుగా అవతలి ఒడ్డుకెళ్ళాం. రాత్రిపూట ఆ నాలుగు కిలోమీటర్లు దాటుతుంటే కింద రైలు వెళ్ళి వంతెన గుండె అదిరినట్టయింది. థియేటర్ పేరెందుకు గానీ, నా సీటు వెనక్కి వాలితే మళ్ళీ లేవనంది. సినిమా అంతా దంతవైద్యుడి కుర్చీలో ఉన్నట్టు పడుకుని చూశాను. అయితేనేం, తెరమీద రాజమండ్రి అనగానే హాల్లో లేచిన గోల ఉంది చూశారూ, హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో వంద జన్మలెత్తినా రాదు. అసలు ఈ ఊరికి ఆ గోల చెయ్యడానికి హక్కుంది. 1936లోనే నిడమర్తి సూరయ్య గారు ఇక్కడ దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు. ఇంటర్వెల్‌లో ఈ సంగతి మా బావమరదులకి చెబుతుంటే పాప్‌కార్న్ అయిపోయింది, వెళ్ళి తెమ్మన్నారు.

కనుమ రోజు అసలు గొడవ. కనుమ నాడు కాకి కూడా కదలదని అమ్మమ్మ పట్టు. "మరి కోనసీమలో దేవుళ్ళని మోసే ప్రభలు కదుల్తాయి కదమ్మా" అన్నాడు మావయ్య. దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. మినప గారెలు తిని బయల్దేరండి అని రాజీకొచ్చింది.

ధవళేశ్వరం ఆనకట్ట దాటి ఆత్రేయపురంలో పూతరేకులకి ఆగాం. బోర్లించిన కుండ మీద పిండినీళ్ళ గుడ్డ పరిచి లాగితే రేకు వచ్చేస్తోంది, ఉల్లిపొర లాగా. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నోట్లో పెట్టుకుంటే అంతలోనే మాయం. ఆ మండలంలోదే పులిదిండి. 1967లో బాపు తన మొదటి సినిమా 'సాక్షి' అక్కడే, సెట్లు లేకుండా ఊళ్ళోనే తీశారు. అయిదు నిమిషాలు ఆపుతానని బతిమాలాను. "సినిమా తీసి అరవై ఏళ్ళు కావస్తోంది, ఇంకా సాక్ష్యం దొరుకుతుందా?" అంది మా ఆవిడ. కాలవ గట్టున దిగి అటూ ఇటూ తిరిగి, ఒక పెంకుటింటిని ఫోటో తీసుకుని వచ్చేశాను. అది సినిమాలో ఉందో లేదో నాకూ నమ్మకం లేదు.

అంబాజీపేట దాటి మొసలపల్లి చేరేసరికి రోడ్డంతా జనం. జగ్గన్నతోటలో గుడి ఉండదు. కొబ్బరిచెట్ల మధ్య ఖాళీ జాగా, అంతే. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు ప్రభల మీద అక్కడికొచ్చి ఏకాదశ రుద్రులై కొలువుతీరతారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఇదే. టీవీలో చూసి మోసపోకండి. వెదురు కట్టి, రంగురంగుల గుడ్డలు చుట్టిన అంత ఎత్తు ప్రభని భుజాల మీద మోస్తూ పచ్చని వరిచేలో దిగిపోతారు. చేను తొక్కుతున్నారని రైతు ఏమీ అనడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలవలో దిగి దాటాలి. ప్రభ మోసేవాళ్ళ గుండెల దాకా నీళ్ళు వచ్చాయి. ప్రభ ఒక పక్కకి ఒరిగింది. గట్టు మీద వేలమంది ఊపిరి బిగబట్టారు. "అశ్శరభ శరభ" అని ఒక్క అరుపు, మళ్ళీ నిలబడింది. నేను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నానే గానీ తర్వాత చూస్తే అందులో ఆకాశం, ఎవరిదో మోచెయ్యి తప్ప ఏమీ లేవు. చేతులు వణికాయి కాబోలు. పాప మావయ్య భుజాలెక్కి గొంతుపోయేలా అరిచింది. ఆరోజు దాని ఒంటిమీద గళ్ళ గౌను. మావయ్య ఎవరో యూట్యూబ్ కుర్రాడి కెమెరా వైపు పనిగట్టుకుని తిరిగి నిలబడటం నేను చూశాను.

శుక్రవారం తిరుగు ప్రయాణం. అమ్మమ్మ డిక్కీ నిండా అరిసెలు, కొబ్బరికాయలు, పనసకాయ ఒకటి సర్దించింది. మళ్ళీ పంతంగి, మళ్ళీ జానెడు దూరం. స్టీరింగ్ మా ఆవిడకిచ్చి నేను వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చుని, ఆ రోజుల్లో గోదావరి మీద తీసిన సినిమాలన్నీ ఫోన్లో వరసగా తిప్పడం మొదలెట్టాను. నాలుగోదో అయిదోదో, పడవ దిగుతోంది హీరోయిన్. చంకలో ఇత్తడి బిందె! టక్కున ఆపాను. ప్రింటు మరీ అరిగిపోయి ఉంది, పేరు కొట్టించారో లేదో కనిపించదు. వెనక జనంలో పరికిణీలు నాలుగైదున్నాయి, గళ్ళున్నాయో లేవో తెలీదు. ఫోన్ అమ్మకిచ్చాను. కళ్ళజోడు పైకి జరుపుకుని, తెర ముక్కుదాకా తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"ఇది మనది కాదురా" అంది. "మనదానికి మూతి దగ్గర సొట్ట ఉండేది. తర్వాతది పెట్టు."