బర్మింగ్‌హామ్‌లో లూనార్ సొసైటీ విగ్రహాల వెంట

పున్నమికి దగ్గరగా వచ్చిన సోమవారం ఎవరో ఒకరి ఇంట్లో భోజనానికి కూడడం, పొద్దుపోయాక వెన్నెల వెలుగులో ఇల్లు చేరడం. 18వ శతాబ్దపు బర్మింగ్‌హామ్‌లో శాస్త్రవేత్తలూ పారిశ్రామికవేత్తలూ కలిసి ఏర్పరచుకున్న లూనార్ సొసైటీ నడిచిన తీరు ఇది. సొంత భవనం లేదు, మినిట్స్ పుస్తకం లేదు. దాని ఆనవాళ్ళకు ఊరంతా చెదిరి ఉన్న విగ్రహాలే దిక్కు. మ్యాపులో అన్నీ దగ్గరగానే కనిపిస్తాయి. కానీ డిసెంబరులో నాలుగింటికే చీకటి పడే ఊరిది, ఒక్క రోజులో ముగిద్దామంటే చివరివి మసకలోనే చూడాల్సి వస్తుంది. రెండు రోజులు పెట్టుకోండి.

న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి చాంబర్లేన్ స్క్వేర్‌కి నడిచాను. అక్కడ సొసైటీ సభ్యుడు, రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీ ఉన్నాడు. ఆక్సిజన్ ప్రయోగానికి నూరేళ్ళు నిండాయని 1874లో ఎఫ్.జె. విలియమ్సన్ పాలరాతిలో చెక్కిన విగ్రహం ఇది. ఇప్పుడు నిలబడి ఉన్నది 1951లో పోసిన కంచు ప్రతి. చాలామంది ముఖం చూసి వెళ్ళిపోతారు, చూడాల్సింది చేతులు. భూతద్దంతో ఎండను కూడగట్టి పాత్ర మీదికి మళ్ళిస్తున్న భంగిమ అది. ఎర్రటి పాదరస భస్మాన్ని అలా కాల్చితే వచ్చిన వాయువులో కొవ్వొత్తి మరింత దేదీప్యంగా మండింది. నిజానికి ఆ ప్రయోగం జరిగింది ఇక్కడ కాదు, విల్ట్‌షైర్‌లో. ఆయన ఈ ఊరు వచ్చింది 1780లో. 1791 జూలైలో అల్లరిమూక ఆయన ఇల్లూ ప్రయోగశాలా తగలబెట్టింది. ఆయన ఊరు విడిచి వెళ్ళిపోయాడు. తరిమేసిన 83 ఏళ్ళకు విగ్రహం పెట్టడం ఊళ్ళకు మామూలే కాబోలు.

సెంటినరీ స్క్వేర్ అక్కడికి అయిదు నిమిషాల నడక. బంగారు పూత పూసిన కంచు విగ్రహంలో ఫ్యాక్టరీ యజమాని మాథ్యూ బౌల్టన్, ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్, ఇంజనీరు విలియం మర్డాక్ ముగ్గురూ ఆవిరి యంత్రం నమూనా గీసిన కాగితం మీద మాట్లాడుకుంటూ కనిపిస్తారు. విలియం బ్లాయ్ చేసిన ఈ విగ్రహాన్ని 1956లో నిలబెట్టారు. ఆ చుట్టిన కాగితం వల్ల స్థానికులు వీళ్ళను తివాచీలు అమ్ముకునేవాళ్ళంటారు, దగ్గరికెళ్ళి చూస్తే కాదనలేం. ట్రామ్ లైన్ పనుల కోసం 2017లో తీసి, 2022లో మళ్ళీ పెట్టారు. ఫొటోకి మబ్బు పట్టిన రోజు మంచిది. మిట్టమధ్యాహ్నం ఎండలో బంగారం మీద వెలుగు తెల్లగా పేలిపోయి ముఖాలు చెరిగిపోతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాప్ తగ్గించాలి. సొసైటీకి సాధారణంగా చెప్పే 14 మంది సభ్యుల జాబితాలో మర్డాక్ లేడన్నది గుర్తుంచుకోండి. ఆయన బౌల్టన్-వాట్ కంపెనీ ఉద్యోగి. ఈ విగ్రహం చెప్పేది ఆవిరి యంత్రం కథ, సొసైటీ కథ కాదు.

అక్కడి లైబ్రరీ స్టాప్‌లో వుల్వర్‌హాంప్టన్ వెళ్ళే ట్రామ్ ఎక్కి సోహో బెన్సన్ రోడ్‌లో దిగితే సోహో హౌస్ కొద్దిసేపటి నడక. 1766 నుంచి చనిపోయేదాకా బౌల్టన్ ఉన్న ఇల్లు ఇది. పక్కనున్న ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. సభ్యులు కూడిన భోజనాల గది మ్యూజియంలో ఉంది. వారంలో అన్ని రోజులూ తెరవరు కాబట్టి ముందు వెబ్‌సైట్ చూసుకోవాలి. మూసి ఉంటే రోడ్డు మీంచి కనిపించేది తెల్లటి గోడే. ఆకలేస్తే సోహో రోడ్డులో పంజాబీ హోటళ్ళు వరసగా ఉన్నాయి.

అక్కణ్ణుంచి సెయింట్ మేరీ చర్చి అరగంట నడక. బంగారు విగ్రహంలోని ముగ్గురినీ పాతిపెట్టింది ఇక్కడే. వాట్ పాలరాతి విగ్రహాన్నీ, మర్డాక్ ప్రతిమనూ చాంట్రీ చెక్కాడు. బౌల్టన్ ప్రతిమ ఫ్లాక్స్‌మన్‌ది. ఈ యాత్రలో చెక్కుడు పనితనం దగ్గర నిలబడి చూడదగ్గది వాట్ విగ్రహమే. కూర్చున్న మనిషి వస్త్రపు మడతలు గమనించండి. ఆరాధన లేని వేళల్లో తలుపు తాళం వేసి ఉండవచ్చు, ముందుగా ఫోన్ చేసి వెళ్ళడం క్షేమం.

సొసైటీని సొసైటీగా తలచుకునే కళ గ్రేట్ బార్ అనే పేటలో, క్వెస్లెట్ ఆస్డా సూపర్‌మార్కెట్ దగ్గర ఉంది. మూన్‌స్టోన్స్ అనే ఈ ఇసుకరాతి దిమ్మెలను 1998లో పెట్టారు. రాళ్ళ మీద చెక్కిన ముఖాలు, చంద్రకళలు కనిపిస్తాయి. చోటు ఎంపిక వింతగా అనిపించినా కారణం ఉంది. సభ్యుడైన శామ్యూల్ గాల్టన్ ఉన్న గ్రేట్ బార్ హాల్ ఇక్కడికి దగ్గరే. ఇసుకరాయి మెత్తన, వానకూ పాచికీ గీతలు మొద్దుబారతాయి, కాబట్టి ముఖాలు తెలియాలంటే వాలు ఎండ కావాలి. పొద్దున్నో సాయంత్రమో వెళ్ళండి. వేళ్ళతో రుద్దడం, నీళ్ళు చల్లడం వద్దు. మ్యాపులో మూన్‌స్టోన్స్ అని వెతకడం కన్నా సూపర్‌మార్కెట్ పేరుతో వెతకడం సులువు. దారి అడిగితే జవాబు దొరికేదీ ఆ పేరుకే.

ఇంకో పూట ఉంటే న్యూ స్ట్రీట్ నుంచి రైల్లో లిచ్‌ఫీల్డ్ సిటీకి వెళ్ళొచ్చు. అక్కడ మరో సభ్యుడు, చార్లెస్ డార్విన్ తాత అయిన ఎరాస్మస్ డార్విన్ ఇల్లు మ్యూజియంగా ఉంది. ఆయన విగ్రహం దగ్గర్లోని బీకన్ పార్కులో ఉంది, 2012లో పెట్టారు.