పోకర్ బల్ల దగ్గర తెలుగు మాట్లాడకూడదా?

సంక్రాంతికి భీమిలిలో మా మేనమామగారింట పేకాట మొదలైతే బల్ల మీద ముక్కల కంటే మాటలే ఎక్కువ పడతాయి. ఆ అలవాటుతోనే ఆయన కొడుకూ నేనూ లాస్ వేగాస్‌లో ఒక కాసినోలో పక్కపక్కన కూర్చుని పోకర్ ఆడాము. నేను కాల్ చేయాలా (ఎదుటివారి పందేనికి సమానంగా వేయాలా), ఫోల్డ్ చేయాలా (ముక్కలు వదిలేయాలా) అని తటపటాయిస్తుంటే, "ఏటి బావా, ఇంకా సూస్తావేటి?" అన్నాడు. ముక్కలు పంచే డీలర్ వెంటనే చెయ్యి ఆపి, ఆట సాగుతున్నంతసేపు ఇంగ్లీషులోనే మాట్లాడాలని మర్యాదగా, కానీ గట్టిగా చెప్పారు.

మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచించిన కొద్దీ ఆ నియమం న్యాయమేననిపించింది. పోకర్‌లో ఎవరి ముక్కలు వారే ఆడాలి; తక్కినవారికి అర్థం కాని భాషలో ఒక్క మాట అన్నా అది సలహా కావచ్చు. పోకర్ పోటీల నిర్వాహకులు 2001లో ఏర్పరచుకున్న సంఘం నియమావళి కూడా ఒకప్పుడు అమెరికాలో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడాలనేది, ఇతర దేశాల్లో ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషను అనుమతించేది. అంటే పారిస్‌లో ఫ్రెంచి చెల్లేది గానీ, మన తెలుగు అక్కడా చెల్లేది కాదు. ఏ భాషలు చెల్లుతాయో ఆట నడిపేవారే ప్రకటించాలని ఇప్పుడా నియమావళి అంటుంది.

టిప్ విషయంలో అమెరికాకూ యూరప్‌కూ తేడా ఇంకా లోతైనది. వేగాస్‌లో పాట్ (బల్ల మధ్య చేరిన పందెం సొమ్ము) గెలిచినవారు ఒక డాలర్ చిప్‌ను (డబ్బుకు బదులు వాడే బిళ్ళను) డీలర్ వైపు జరుపుతారు. డీలర్ దానిని బల్ల అంచుకు ఠక్కున తట్టి పెట్టెలో వేసుకుంటారు. అక్కడ డీలర్ల జీతం తక్కువ, బతుకు ఎక్కువగా ఈ చిప్‌ల మీదే నడుస్తుంది. బ్రిటన్‌లోనైతే 2005 నాటి కొత్త జూద చట్టం 2007లో అమలయ్యేదాకా డీలర్లు టిప్ తీసుకోవడమే నిషిద్ధం. అలాగని యూరప్ అంతటినీ ఒకే గాటన కట్టకూడదు. ఫ్రాన్స్ కాసినోల్లో సిబ్బందికి టిప్ ఇవ్వడం పాత ఆనవాయితీ.

వయసు నియమం కూడా వేరు: నెవాడాలో 21 నిండాలి, బ్రిటన్‌లో 18 చాలు.

ఒక్క నియమం మాత్రం వేగాస్‌లోనూ లండన్‌లోనూ నాకు ఒకేలా కనిపించింది. ఎదుటివారి పందేనికి జవాబుగా, నోరు విప్పకుండా ఒకే ఒక్క పెద్ద చిప్ వేస్తే, దాని విలువ ఎంతైనా కాల్‌గానే లెక్కిస్తారు. లండన్‌లో మంచి ముక్కలు చేతిలో ఉండి, పందెం పెంచుదామని నేను వేసిన చిప్‌కు డీలర్ చిల్లర తిరిగి ఇచ్చారు. చిప్ బల్లను తాకకముందే "రైజ్" అనే మాట నా నోట రావలసింది.