మొత్తం ఒకటి వస్తే సరిపోదు

ఇవాళ పొద్దుటి నుంచీ రాబర్ట్‌సన్ రసాయన చర్య లెక్కే. 1966 నాటిది. మూడే పదార్థాలు, మూడే అవకలన సమీకరణాలు. రేటు స్థిరాంకాలు మాత్రం 0.04, 10⁴, 3×10⁷. స్టిఫ్ సమీకరణం (చాలా వేగంగా మారేదీ చాలా నెమ్మదిగా మారేదీ కలిసి ఉండేది) ఎలా ఉంటుందో చూపించడానికి ఇంత చిన్నదీ ఇంత మంచిదీ ఇంకోటి దొరకదు.

పైథాన్ లైబ్రరీ సైపైలో అవకలన సమీకరణాలు సాధించే సాల్వ్ ఐవీపీకి (solve_ivp) పద్ధతి చెప్పకపోతే ఆర్‌కే45 అనే రంగె-కుట్టా పద్ధతిని పట్టుకుంటుంది. 40 సెకన్ల దాకా లెక్కగట్టమంటే కడుతుంది గానీ నత్తనడకే. అడ్డొచ్చేది కచ్చితత్వం కాదు, స్థిరత్వం. జాకోబియన్ (సమీకరణాల పాక్షిక అవకలజాల మాత్రిక) ఐగెన్ విలువల్లో ఒకటి మొదటి కొన్ని మిల్లీసెకన్లలోనే -2,200 దగ్గరకు చేరి, 40 సెకన్లకల్లా -3,400 అవుతుంది. దాన్ని స్టెప్‌తో (సాల్వర్ ఒక్కసారికి ముందుకు జరిపే కాలంతో) గుణిస్తే, గుర్తు వదిలేసి, సుమారు 3.3 దాటకూడదు. అంటే స్టెప్ ఒక మిల్లీసెకను, మహా అయితే ఒకటిన్నర. వక్రరేఖ సాఫీగా సాగుతున్న చోటా అంతే! అలా పాతిక ముప్పై వేలకు పైగా స్టెప్పులు. స్టిఫ్ లెక్కలకు పనికొచ్చే రాడౌకో బీడీఎఫ్‌కో మారిస్తే కొన్ని వందల లోపే అయిపోతుంది.

అసలు చిక్కు రెండో పదార్థంతో. దాని గరిష్ఠం కాగితం మీదే తేలుతుంది: 0.04ని 3×10⁷తో భాగించి వర్గమూలం తీస్తే 3.65×10⁻⁵. 40 సెకన్ల దగ్గర అది 9.185×10⁻⁶కి దిగుతుంది. ఏటాల్ (atol, సాల్వర్ ఓర్చుకునే నిరపేక్ష దోషం) డిఫాల్టు 10⁻⁶. ఆ విలువలో తొమ్మిదో వంతు తేడా వచ్చినా సాల్వర్ లెక్కచేయదన్నమాట. ఏటాల్‌ని పదార్థానికొకటిగా ఇవ్వాలి: 10⁻⁸, 10⁻¹², 10⁻⁸. ఆర్‌టాల్ (rtol, విలువతో పోల్చి చూసే దోషం) 10⁻⁶.

మూడు గాఢతల మొత్తం మొదట్లో లాగే 1 వస్తే లెక్క సరే అనుకోవడం చాలామందికి అలవాటు. ఇది నిజంగా ప్రమాదం. రంగె-కుట్టా అయినా బీడీఎఫ్ అయినా అలాంటి సరళ మొత్తాన్ని వాటంతట అవే కాపాడతాయి. విడివిడి విలువలు తప్పినా మొత్తం 1 వస్తూనే ఉంటుంది. సమీకరణంలో ప్లస్సూ మైనస్సూ తారుమారైతే పట్టిస్తుంది, అంతవరకే. టాలరెన్సులు వంద రెట్లు బిగించి మళ్లీ నడిపితే 40 సెకన్ల దగ్గరి మూడు విలువలు 0.7158, 9.185×10⁻⁶, 0.2842 కదలకుండా నిలవాలి. అదీ పరీక్ష.

గ్రాఫుకి కాలం అక్షం లాగ్‌లోనే ఉండాలి. రెండో పదార్థం మొదటి మూడు మిల్లీసెకన్లలోనే పైకి లేస్తుంది, 0.04 సెకన్ల ఎడంతో బిందువులు పెడితే ఆ లేవడమే కనిపించదు. టీ ఎవాల్‌లో (t_eval, ఫలితం కావాల్సిన కాలాల జాబితాలో) బిందువులు పెంచినా సాల్వర్ స్టెప్పులు మారవు, అవి ఇంటర్‌పొలేషన్‌తో వచ్చేవి.

రేపు 4×10¹⁰ సెకన్ల దాకా. అక్కడ రెండో పదార్థం 2×10⁻¹³ మాత్రమే, కాస్త రుణాత్మకమైనా లెక్క పేలిపోతుంది. 10⁻¹² ఇక పనికిరాదు, 10⁻¹⁴తో మొదలుపెట్టాలి.