ఒక్క పాస్టరు, మూడు సంఘాలు: ముందే రాసుకోవాల్సినవి

అమెరికాలో నార్త్ డకోటా, మిన్నెసోటా పల్లెల్లో రెండు మూడు చిన్న లూథరన్ సంఘాలు కలిసి ఒకే పాస్టరును పెట్టుకోవడం పాత పద్ధతే. మన గుంటూరు వైపు ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) పల్లె సంఘాలకూ ఇది కొత్తేమీ కాదు.

పొత్తు చెడేది ఎక్కువగా జీతం దగ్గరే. రిజిస్టరులోని సభ్యుల లెక్కన వాటా వేస్తే, పేర్లు మిగిలి మనుషులు వలసపోయిన సంఘం నలిగిపోతుంది. మూడేళ్ల సగటు హాజరు, కానుకలు చూసి వాటా కట్టండి, ఏటా సరిచూడండి. పెట్రోలు ఖర్చు జీతంలో కలపొద్దు. పాస్టరుకు ఇల్లు ఒక సంఘమే ఇస్తుంటే దాని అద్దె విలువ ఆ సంఘం వాటాలోంచి తగ్గించాలి.

తొమ్మిదింటికి ఒకచోట, పదకొండింటికి ఇంకోచోట ఆరాధన పెట్టి, మధ్య దారి ముప్పావుగంట అయితే, ఆశీర్వాదం పలికీ పలకగానే పాస్టరు కారెక్కాల్సిందే. గుమ్మం దగ్గర ఒక ముసలమ్మ చేయి పట్టుకుని ప్రార్థన చేసే ఆ పది నిమిషాలు పోతాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదేనని నా నమ్మకం. వేళలు ఆర్నెల్లకోసారి మార్చుకోండి. క్రిస్మస్, ఈస్టరు వంతులు ఏడాది ముందే తేల్చుకోండి.

అమెరికాలోని ఈఎల్‌సీఏ (ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఇన్ అమెరికా) సంఘాలకు ఇంకో దారి ఉంది: 1997 ఒప్పందంతో ప్రెస్బిటేరియన్ శాఖ, 2001 నుంచి ఎపిస్కోపల్ శాఖ పాస్టర్లనూ పిలుచుకోవచ్చు. దానికి ముందుగా బిషప్ అనుమతి తీసుకోవాలి.