తలలో సున్నం

అమ్మ సీటీ స్కాన్ రిపోర్టు పొద్దున్న చేతికొచ్చింది. స్నానాల గదిలో జారిపడ్డందుకు తీయించిన స్కాన్ అది. దెబ్బేమీ లేదు కానీ మెదడు లోపల రెండు వైపులా, కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియా అనే భాగంలో కాల్షియం పేరుకుందని రాశారు. ఏడు రోడ్ల కూడలి దాటి ఇల్లు చేరేసరికే సంగతి వీధిలో తెలిసిపోయింది. "కాల్షియం మాత్రలు ఎప్పుడూ వేయించకు, పాలు కూడా మాన్పించు" అని ఎదురింటి పిన్నిగారి తీర్పు. మన శ్రీకాకుళంలో దేనికి కరువొచ్చినా సలహాలకు రాదు.

మధ్యాహ్నం డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించారు. స్కాన్‌లో తెల్లగా కనిపించేదంతా రోగం కాదట. మెదడు మధ్యలో ఉండే చిన్న పీనియల్ గ్రంథిలో కాల్షియం చేరడం పెద్దవాళ్లలో మామూలే. వయసు మళ్లాక బేసల్ గాంగ్లియాలో కొద్దిగా ఉన్నా చాలాసార్లు పట్టించుకోనక్కర్లేదు. విడిగా చుక్కలా ఉంటే మాత్రం మానిన క్షయ గడ్డనో, బద్దెపురుగు తిత్తినో అనుమానిస్తారు. ఆ పురుగు గుడ్లు మలంతో కలుషితమైన నీళ్లు, పచ్చి కూరల ద్వారా వస్తాయి కాబట్టి మాంసం ముట్టనివారికీ తప్పదు. తిత్తి చచ్చి గట్టిపడ్డాక కూడా మూర్ఛ తెప్పించగలదు.

అమ్మకున్నవి చుక్కలు కావు. రెండు వైపులా ఒకే తీరుగా, దట్టంగా ఉన్నాయి. ఆయన చూపు అమ్మ మెడ మీది మచ్చ దగ్గర ఆగింది. "థైరాయిడ్ ఆపరేషన్ అయిందా అమ్మా? వేళ్లు తిమ్మిరెక్కుతాయా?"

అమ్మ తలూపింది. రాత్రుళ్లు పిక్కలు పట్టేస్తాయనీ చెప్పింది. ఇన్నేళ్లలో నా దగ్గర ఒక్క మాట అనలేదు!

థైరాయిడ్ వెనక సాధారణంగా 4 పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. ఆపరేషన్‌లో అవి దెబ్బతింటే రక్తంలో కాల్షియం పడిపోతుంది, ఫాస్ఫరస్ పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే ఆ రెండూ కలిసి మెదడులో పేరుకుంటాయి. రక్తంలో కరువు, తలలో నిల్వ. ఈ తీరు నాకింకా వింతగానే ఉంది. జర్మన్ వైద్యుడు ఫార్ 1930లో వర్ణించినందుకు ఆయన పేరుతో పిలిచే జబ్బులోనూ మెదడు ఇలాగే కనిపిస్తుందట. అది వంశపారంపర్యంగా కూడా వస్తుంది.

సాయంత్రానికి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. కాల్షియం 6.4. కనీసం 8.5 ఉండాలి. పిన్నిగారు వద్దన్న కాల్షియం మాత్రలే, విటమిన్ డితో కలిపి రాశారు. పేరుకున్నది కరగదు కానీ తిమ్మిర్లు తగ్గుతాయి, ఫిట్స్ రాకుండా కాపాడుకోవచ్చు. మోతాదు మించితే కిడ్నీల్లో రాళ్లొస్తాయి కాబట్టి రక్తం, మూత్రం తరచూ చూపించుకోవాలి. అమ్మ పుట్టిల్లు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానంలో కవిటి అని చెప్పగానే, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా కలిపారు. పారాథైరాయిడ్ హార్మోనుతో పాటు దాని ఫలితం సోమవారం ఇస్తారు.