2857 నంబరు బస్సు

అమెరికాలో డెట్రాయిట్ నగరాన్ని ఆనుకొని ఉన్న డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో పాత కార్లను, విమానాలను దాటుకుంటూ నేను నేరుగా ఒక సిటీ బస్సు దగ్గరికి నడిచాను. 1955 డిసెంబరు 1 సాయంత్రం అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో, శ్వేతజాతీయుడికి సీటు వదలనందుకు అరెస్టయిన నల్లజాతి స్త్రీ రోజా పార్క్స్ ఎక్కిన 2857 నంబరు బస్సు అది. దాదాపు 30 ఏళ్ళు ఒక పొలంలో సామాన్ల కొట్టంగా పడి ఉన్న దాన్ని 2001లో మ్యూజియంవారు వేలంలో కొని, బాగుచేసి నిలబెట్టారు. లింకన్‌పై కాల్పులు జరిగినప్పుడు ఆయన కూర్చొని ఉన్న కుర్చీ కూడా ఆ విభాగంలోనే ఉంది.

ముందు తలుపు నుంచి లోపలికి వెళ్ళాను. ఆ రోజుల్లో నల్లజాతీయులు చాలాసార్లు ఈ తలుపు దగ్గరే డబ్బు కట్టి, కిందికి దిగి, వెనక తలుపు నుంచి మళ్ళీ ఎక్కవలసి వచ్చేది. 1943లో ఆ పద్ధతికి ఒప్పుకోనందుకు రోజాను బస్సులోంచి దింపేసిన డ్రైవరే, 12 ఏళ్ళ తర్వాత ఆమెను అరెస్టు చేయించాడు.

శ్వేతజాతీయుల సీట్లకు సరిగ్గా వెనక ఉన్న వరుసలో నేను కొంతసేపు కూర్చున్నాను. ఒక్క శ్వేతజాతీయుడు కూర్చోవడానికి ఆ వరుసలోని నలుగురూ లేవాలన్నారు. ముగ్గురు లేచారు, రోజా మాత్రం లేవకుండా కిటికీ వైపు జరిగారు. ఆ జరగడం ఒక జానెడు, మహా అయితే రెండు జానలు ఉంటుంది. అక్కడ కూర్చొని చూస్తే గానీ ఆ సీటు ఎంత ఇరుకో నాకు తెలియలేదు.

కుట్టుపని చేసి అలసిపోయిన ఒక స్త్రీ ఆ రోజు లేవలేకపోయిందని చెప్పే కథ నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. తాను ఒళ్ళలిసి కాదు, లొంగి లొంగి అలసిపోయానని ఆమే రాసుకున్నారు. అప్పటికే 12 ఏళ్ళుగా నల్లజాతీయుల హక్కుల సంఘం ఎన్‌.ఏ.ఏ.సి.పి.లో పనిచేస్తూ, 1944లో సామూహిక అత్యాచారానికి గురైన నల్లజాతి స్త్రీ రీసీ టేలర్ కోసం, టేలర్ ఉండే ఊరికి వెళ్ళి వివరాలు సేకరించిన కార్యకర్త ఆమె. రోజా అరెస్టుకు నిరసనగా మాంట్‌గోమరీలో సాగిన 381 రోజుల బస్సుల బహిష్కరణను నడిపింది కూడా పనికి కాలినడకన వెళ్ళివచ్చిన వేలాదిమంది. బస్సుల్లో జాతుల వారీగా సీట్లు వేరుచేయడం చెల్లదని 1956లో తేల్చిన కేసులో వాది రోజా కాదు. ఆమెకన్నా 9 నెలల ముందే అరెస్టయిన 15 ఏళ్ళ క్లాడెట్ కాల్విన్, మరికొందరు స్త్రీలు. ఈ పేర్లు కూడా మన పిల్లలకు తెలియాలి.

ఉద్యోగం పోయి, బెదిరింపులు ఆగక, 1957లో రోజా దంపతులు డెట్రాయిట్‌కు వచ్చేశారు. తిరుగు ప్రయాణంలో మేము రోజా పార్క్స్ బులవార్డ్ మీదుగా వెళ్ళాము. పూర్వం 12వ వీధి అనే ఆ దారికి 1976లో తన పేరు పెట్టేనాటికి, ఆమె అదే నగరంలో అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో సభ్యుడైన జాన్ కాన్యర్స్ కార్యాలయంలో ఉద్యోగం చేస్తూనే ఉన్నారు.