గుండ్లకమ్మ ఒడ్డున పేరయ్య జాడ

క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి దేవుణ్ణి వెదకవలసిన అవసరం నాకు ఎన్నడూ కలగలేదు. ఆదివారపు ఆరాధన, కంఠస్థ వాక్యాలు, క్రిస్మస్ పాటలు అన్నీ ఇంటిపేరుతోపాటే వచ్చాయి. ఒంగోలు ప్రాంతపు తొలి క్రైస్తవుల్లో ఒకడైన యెర్రగుంట్ల పేరయ్యను గురించి చదివిన తరువాతనే, ఒక మనిషి ఏళ్ల తరబడి వెదికి చేరుకున్న చోట నేను ఊరకే కూర్చొని ఉన్నానని తోచి, ఒంగోలు ప్రయాణం కట్టాను.

మొదట ప్రార్థన కొండ ఎక్కాను. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్తిస్టు మిషనరీ లైమన్ జువెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఇక్కడ మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి వేడుకున్నారు. ఫలితం కనిపించడం లేదు గనుక తెలుగు మిషన్‌ను మూసివేద్దామా అని అమెరికాలోని బాప్తిస్టు సంఘం అంతకు ముందు ఏడాదే తర్జనభర్జన పడింది. ఈ కొండ చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఇక్కడినుంచి నేరుగా 1866లో ఒంగోలులో స్థిరపడిన మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ నడుమ కాలంలో, ఈ ప్రార్థన సంగతి తెలియకుండానే, ఇక్కడికి దక్షిణాన ఒక పల్లెలో దేవుని కోసం తపించిన పేరయ్యే ముఖ్యుడు.

పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారం చేసేవాడు. గుడి గడప తొక్కనివ్వని సమాజంలో ఉంటూనే ఆయన రాజయోగ మార్గంలో ఒక స్త్రీ గురువు వద్ద ఉపదేశం పొంది, ధ్యానసాధన చేశాడు. అయినా తృప్తి కలగలేదు. వ్యాపారం మీద కృష్ణ దాటి ఉత్తరానికి వెళ్లినప్పుడు, ఏలూరు మిషనరీ వద్ద విశ్వాసి అయిన ఒక బంధువు నోట యేసు మాట విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. మిషనరీ వచ్చి పేరయ్యను కనుగొన్నాడనడం కంటే, అప్పటికే సగం దారి నడిచి వచ్చిన పేరయ్య అతనికి ఎదురుపడ్డాడనడమే న్యాయమని నా అభిప్రాయం.

మధ్యాహ్నం జాతీయ రహదారి మీద ఉత్తరంగా వెల్లంపల్లికి వెళ్లి, గుండ్లకమ్మ ఒడ్డుకు చేరాను. 1878 జూలై 3న ఈ నదిలో ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ, 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అది మహాక్షామం ముగుస్తున్న కాలం కావడంతో గింజల కోసం మతం మారారన్న మాట నేటికీ వినిపిస్తుంది. కరవు పని కింద బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి చూపిన క్లౌ, సహాయం అందుతున్న ఆ పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదన్న సంగతి మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఆకలికీ విశ్వాసానికీ నడుమ గీత గీయడం తేలికని నేను అనను. ఆ గీత కోసం ఆయన ప్రయత్నించాడన్నది కాదనలేనిది.

నీళ్ల దగ్గర కూర్చొని సంఖ్యను వదిలేసి ఆ మనుషుల తరువాతి బ్రతుకును తలచుకున్నాను. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు అన్నవి వారికి పెట్టిన మూడు నియమాలు. వినడానికి చిన్నవే. అయితే ఆదివారం వెట్టికి రానని ఆసామికి చెప్పడమూ, జాతరలో డప్పు కొట్టనని ఊరికి చెప్పడమూ తరతరాలుగా తలవంచి బ్రతికినవారికి ఎంత సాహసమో, అందుకు వారు తిన్న దెబ్బలే చెబుతాయి. దేవుణ్ణి కలుసుకున్నామని వారు చెప్పిన మాటకు నాకు దొరికిన గట్టి సాక్ష్యం ఆ నిరాకరణే.

అక్కడే ప్రార్థించాను. అలవాటైన మాటలు నోటికి రాలేదు. నీవెవరో నాకు తెలియజేయుమని మాత్రమే అడిగాను. ఇల్లు చేరాక మార్కు సువార్తను, కథ ముందే తెలియనివానిలా, మొదటినుంచి చదవడం ఆరంభించాను. ఇదివరకు ఒక్క పూటలో ముగించేవాణ్ణి. ఇప్పుడు రెండవ అధ్యాయంలో, ఇంటి కప్పు విప్పి పక్షవాతరోగిని దించిన ఆ నలుగురి దగ్గరే ఇంకా ఉన్నాను.